విశ్వాసాన్ని ఎగతాళి చేసినప్పుడు: ఏమనాలి, ఎప్పుడు ఊరుకోవాలి

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో గొర్రె బొమ్మ పెట్టి మీ పేరు ట్యాగ్ చేస్తారు. పెళ్లి భోజనాల దగ్గర మేనమామ అందరికీ వినపడేలా "ఇంతకీ మతం మారినందుకు నీకెంత ముట్టిందిరా?" అంటాడు. హాస్టల్లో మీరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే పక్క మంచం మీద నుంచి "హల్లెలూయా" అని సాగదీసి ఒక కేక, ఆ వెనక నవ్వులు. మీ ముఖం వేడెక్కుతుంది. అందరూ మీ వైపే చూస్తుంటారు. అప్పుడేం చేయాలి?

సంఘంలో ఈ ప్రశ్నకు మామూలుగా దొరికే జవాబు మత్తయి 5:11. నా నిమిత్తము నిందించినప్పుడు మీరు ధన్యులు. ఓదార్పు ఉంది నిజమే, కానీ ఆ క్షణంలో నోటి నుంచి ఏ మాట రావాలో అందులో లేదు. అది కావాలంటే బైబిల్లో ఎగతాళికి గురైనవాళ్లు ఏం చేశారో చూడాలి. చూస్తే ఒక్కొక్కరూ ఒక్కోలా కనిపిస్తారు. హేరోదు తమాషా చూడాలని ఎన్ని ప్రశ్నలు వేసినా యేసు ఒక్క మాటా అనలేదు (లూకా 23:9). ప్రధాన యాజకుడి దగ్గర ఒక బంట్రౌతు కొట్టినప్పుడు మాత్రం ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే అదేదో చెప్పు, మంచి మాట అయితే ఎందుకు కొట్టావు అని అడిగాడు (యోహాను 18:23). మనిషి ఒక్కడే, రాత్రీ పగలూ తేడాతో రెండు రకాల జవాబులు. కాబట్టి అన్నిచోట్లా మౌనంగా ఉండడమే భక్తి అనుకోనక్కర్లేదు. నవ్వేది ఎవరు, దేన్ని చూసి నవ్వుతున్నారు అన్నదాన్ని బట్టి జవాబు ఎంచుకోవాలి. ఆ ఎంచుకోవడం ఎలాగన్నదే ఇక్కడ చెప్పబోతున్నాను.

1. మొదట ఏమీ అనకండి

పది సెకన్లు చాలు. మంచినీళ్ల గ్లాసు అందుకోండి. ఫోన్లో అయితే ఫోన్ బోర్లా పెట్టి లేచి నాలుగడుగులు వేయండి. వేడి మీద వచ్చే మాట మీ ప్రభువు కోసం వచ్చేది కాదు, మీ పరువు కోసం వచ్చేది. తర్వాత ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి పడే అవస్థ ఈ పది సెకన్ల కంటే చాలా పెద్దది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

2. నవ్వు దేని మీదో చూడండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. మత్తయి 5:11లో "అబద్ధముగా" అనే మాట ఉంది. పేతురు ఇంకా సూటిగా రాశాడు: క్రీస్తు పేరిట నింద వస్తే ధన్యులే, కానీ మీలో ఎవడూ హంతకుడిగానో దొంగగానో పరుల జోలికి పోయేవాడిగానో బాధ అనుభవించకూడదు (1 పేతురు 4:14-15). హంతకుల పక్కన ఊరివాళ్ల జోలికి పోయేవాళ్లను నిలబెట్టాడు చూడండి, నాకైతే ఆ వరుస చదివినప్పుడల్లా మన వీధులే గుర్తొస్తాయి.

మందిరం మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకులు కట్టి రాత్రి పదకొండింటి దాకా ఆరాధన సాగిస్తే, పక్కింట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్ల తండ్రి ఏదో ఒకటి అంటాడు. ఎగతాళిగానే అంటాడు. "మీ దేవుడికి చెవుడా బాబూ?" అని. అది క్రీస్తు నింద అనుకుని గుండెలు బాదుకోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. గుడికైనా మసీదుకైనా చర్చికైనా అంతే. "పక్కవాళ్లూ పెడుతున్నారుగా" అన్నది జవాబు కాదు. ఆయన దగ్గరకు వెళ్లి "అన్నా, మీరన్నది నిజమే. రేపటి నుంచి బాక్సులు లోపలికి తిప్పిస్తాం. పాపకు పరీక్షలెప్పుడు?" అని అడగండి. ఆ వీధిలో సువార్తకు అంతకంటే మంచి ఆరంభం దొరకదు.

అలాగే మనవాళ్లలో కొందరు వేదిక ఎక్కితే ఇతరుల దేవుళ్ల మీద జోకులు వేయకుండా దిగరు. ఆ వీడియో క్లిప్ ఊరంతా తిరిగాక మీ కొలీగ్ మిమ్మల్ని దెప్పుతాడు. అక్కడ ఆ ప్రసంగీకుడిని వెనకేసుకు రావాల్సిన బాధ్యత మీకు లేదు. ఎఫెసులో అర్తెమిదేవి పేరిట పెద్ద గొడవ లేచినప్పుడు ఆ ఊరి కరణమే జనం ముందుకొచ్చి, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు అని చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). పౌలు ఆ ఊళ్లో రెండేళ్లకు పైగా ఉన్నాడు. విగ్రహాల గురించి తను నమ్మింది దాచుకోలేదు. అయినా అతని జట్టు మీద ఆ నింద వేయడానికి వీల్లేకపోయింది. మన సంఘాల గురించి మన మున్సిపల్ కమిషనర్ ఆ మాట చెప్పగలడా అని ఒకసారి ఆలోచించండి.

స్వస్థత కూటాల్లో కుంటివాడిని నడిపించామని చూపించే వీడియోలు, నూనె సీసాలు, కానుక ఇస్తే వీసా వస్తుందన్న ప్రవచనాలు కూడా ఇంతే. వాటిని చూసి ఎవరైనా నవ్వితే, మీకూ అవి నచ్చకపోతే ఆ సంగతి చెప్పేయండి. "నాకూ అది బాగా అనిపించలేదు సార్. యేసు పేరు చెప్పి డబ్బులడిగితే నాకూ కోపమొస్తుంది." నిజం ఒప్పుకుంటే విశ్వాసం తగ్గదు. ఎదుటివాడు ఆ తర్వాత మీరు చెప్పేది వినడానికి సిద్ధపడతాడు.

ఇవన్నీ తీసేశాక మిగిలింది నిజంగా క్రీస్తు కోసమే వచ్చిన ఎగతాళి. కింద చెప్పేదంతా దానికోసమే.

3. నవ్వేది ఎవరో చూడండి

రోజూ మీతో టీ తాగే స్నేహితుడు "ఏం పాస్టర్ గారూ" అంటే అది ఎగతాళి కాదు, చనువు. మీరూ నవ్వేయండి. ప్రతి చిన్న మాటకూ గాయపడే మనిషి దగ్గర జనం జాగ్రత్తగా మాట్లాడతారు గానీ మనసు విప్పి మాట్లాడరు.

ఇంట్లోవాళ్ల సంగతి వేరు. దీని దగ్గర కాస్త ఆగాలి. మొదటి తరం విశ్వాసులకు, అంటే ఇంట్లో తామొక్కరే క్రీస్తును నమ్ముకున్నవాళ్లకు, అన్నిటికంటే పదునైన మాటలు సొంత ఇంట్లోనే పడతాయి. బొట్టు తీసేసిన కూతుర్ని చూసి తల్లి "ఎవరు పోయారే?" అంటుంది. కొడుకు గృహప్రవేశంలో హోమం దగ్గర కూర్చోనంటే తండ్రి బంధువుల ముందు "మా వాడు దొరబాబు అయ్యాడు" అని నవ్వుతాడు. పైకి ఎగతాళే. లోపల ఉన్నది భయం. రేపు నాకు తలకొరివి ఎవడు పెడతాడు, తద్దినం ఎవడు పెడతాడు, బంధువుల్లో తలెలా ఎత్తుకోవాలి, ఇవీ ఆ తండ్రి నిజంగా అడగాలనుకునే ప్రశ్నలు. నోటికి రాక ఎగతాళిగా బయటికొస్తాయి. ఆయనకు వచనాలు ఒప్పజెప్పి ప్రయోజనం లేదు. ఆ పూట ఊరుకుని, సాయంత్రం ఆయన ఒక్కరే అరుగు మీద కూర్చున్నప్పుడు పక్కన చేరండి. "నాన్నా, మీ మనసు కష్టపెట్టానని తెలుసు. నేను నమ్మింది వదల్లేను. కానీ మిమ్మల్ని వదిలేస్తానని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. మీ మందులు, మీ ముసలితనం, మీ చివరి దాకా నేనే ఉంటా." ఈ మాట ఒకసారి అంటే సరిపోదు. కంటి ఆపరేషన్ రోజున, కరెంటు బిల్లు రోజున, ప్రతిసారీ ఆ మాట నిజమని ఆయనకు కనపడాలి. తల్లిదండ్రులను సన్మానించమన్న ఐదో ఆజ్ఞ అన్యమతంలో ఉన్నవాళ్లకు వర్తించదని ఎక్కడా రాయలేదు.

మూడో రకం, చుట్టూ నలుగురు ఉంటేనే మాట్లాడేవాళ్లు. ఒంటరిగా దొరికితే మంచివాళ్లే. వీళ్లకు మీ జవాబు అక్కర్లేదు, ఆ నలుగురి నవ్వు కావాలి. వీళ్ల విషయంలో సామెతల గ్రంథం 26వ అధ్యాయం భలే తమాషాగా ఉంటుంది. నాలుగో వచనం మూర్ఖుడికి జవాబివ్వొద్దంటుంది, ఇస్తే నువ్వూ వాడిలాగే అవుతావని. ఐదో వచనం ఇవ్వమంటుంది, లేకపోతే వాడు తనే జ్ఞాని అనుకుంటాడని. రెండూ పక్కపక్కనే పెట్టి ఊరుకున్నాడు, నిర్ణయం మనకే వదిలేసి. నా లెక్క ఇది: గుంపులో చిన్న జవాబు, లేదా చిరునవ్వు. అసలు మాట తర్వాత, విడిగా, ఇద్దరే ఉన్నప్పుడు. "నిన్న నువ్వన్నది నాకు బాధేసింది రా" అని మామూలు గొంతుతో చెప్పండి. గుంపులో సింహంలా ఉన్నవాడు ఈ ఒక్క మాటకు తల దించుకోవడం మామూలే.

4. చిన్న జవాబు, అబద్ధం లేని జవాబు

పెంతెకొస్తు రోజున శిష్యులను చూసి జనం వీళ్లు తాగేశారు అని నవ్వారు. పేతురు కోప్పడలేదు. ఇంకా పొద్దున తొమ్మిదే కదా, ఈ వేళప్పుడు ఎవరు తాగుతారండీ అన్నట్టు ఒక్క మాటతో ఆ నవ్వును తేల్చేసి అసలు విషయంలోకి వెళ్లిపోయాడు. రోమా అధిపతి ఫేస్తు నిండు సభలో "పౌలా, నీకు పిచ్చెక్కింది" అని అరిస్తే పౌలు "మహా ఘనత వహించిన ఫేస్తూ" అని మర్యాదగా పిలిచి, నాకు పిచ్చి లేదు, నిజమే చెబుతున్నాను అన్నాడు. గుడిలో పెదవులు కదుపుతూ ఏడుస్తున్న హన్నాను యాజకుడు ఏలీ తాగుబోతు అనుకుంటే, ఆమె కూడా ఆయన్ని గౌరవంగా పిలిచి అసలు సంగతి చెప్పుకుంది. ముగ్గురి జవాబులోనూ ఎదుటివాళ్ల మీద గౌరవం తగ్గలేదు, నిజం దాగలేదు, మాట సాగలేదు. కొలస్సయులకు రాసిన పత్రికలో (4:6) మాట ఉప్పు వేసినట్టు ఉండాలన్నది ఇదే. ఉప్పు ఎక్కువైతే ఎవరూ నోట పెట్టరు.

మన దగ్గర తరచూ వినిపించే నాలుగైదు ఎగతాళులకు ఏమనొచ్చో చూద్దాం. బట్టీ పట్టొద్దు, మీ యాసలో మీరే మార్చుకోండి.

"ఎంత ఇచ్చారు?" అన్నదానికి: "మామయ్యా, ఇచ్చింది లేదు గానీ నెలనెలా కానుక వేసేది నేనే." నవ్వుతూ చెప్పండి. ఆయన నిజంగా తెలుసుకోవాలని అడిగితే మీరు ఎందుకు నమ్మారో రెండు నిమిషాల్లో చెప్పండి. ఈ నింద పాతదే. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసమే జనం చేరుతున్నారన్న మాట వస్తుందని, అలాంటివాళ్లు నిజంగానే చేరతారని, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ చరిత్ర తెలిసి ఉండడం మంచిది, కానీ దాన్ని కర్రలా వాడొద్దు. ఆకలి రోజుల్లో అన్నం పెట్టిన చేతిని ఆ జనం గుర్తుంచుకున్నారంటే అందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

"తెల్లోళ్ల మతం" అన్నదానికి: యేసు పుట్టింది ఆసియాలో. 1498లో వాస్కో డ గామా కేరళ తీరానికి వచ్చేనాటికే అక్కడ సిరియన్ క్రైస్తవులు శతాబ్దాలుగా ఉన్నారు. ఇంతవరకు చెప్పి ఆగండి. మన తెలుగు ఊళ్లకు సువార్తను ఎక్కువగా తెచ్చింది విదేశీ మిషనరీలే అన్నది కూడా నిజం. దాన్ని కప్పిపుచ్చబోతే మాట పట్టుబడుతుంది.

"గొర్రె" అన్నదానికి: "అవునండీ, గొర్రెనే. కాపరి మంచివాడు." ఇక పొడిగించొద్దు. ఆ పోలిక మన కీర్తనల్లోంచి వాళ్లు తీసుకున్నదే, మనం ఉలిక్కిపడాల్సిన పని లేదు.

"ప్రార్థన చేస్తే తగ్గుతుందిగా, ఆస్పత్రికెందుకు?" అన్నదానికి: లూకా వైద్యుడే (కొలస్సయులకు 4:14). గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచింది క్రీస్తు పేరిటే. "మాకు రెండూ కావాలి సార్, ప్రార్థనా కావాలి, పారాసిటమాలూ కావాలి" అంటే చాలు. మీ సంఘంలో ఎవరైనా మందులు మానెయ్యమంటుంటే మాత్రం ఆ ఎగతాళి సరైనదే. రెండో మెట్టు మళ్లీ చదవండి.

ప్రసాదం విషయంలో మాట కంటే ముఖం ముఖ్యం. చెయ్యి వెనక్కి లాక్కుని ముఖం చిట్లిస్తే ఇచ్చినామె ఏళ్లతరబడి మరచిపోదు. తీసుకోవాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి. వద్దనుకుంటే ఇలా చెప్పొచ్చు: "అత్తయ్యా, మీరు ప్రేమతో ఇస్తున్నారని తెలుసు. ఇదొక్కటీ తీసుకోలేను, ఏమనుకోకండి. మీ చేతి కాఫీ మాత్రం తాగకుండా కదలను." ఆ తర్వాత నిజంగానే కూర్చుని కాఫీ తాగండి, వాళ్ల పిల్లల గురించి అడగండి. కాలు మీద కాలేసుకుని గడియారం చూస్తూ తాగితే అన్న మాట వృథా.

5. ఫోన్లో వచ్చే ఎగతాళి

రోములో పాలటైన్ కొండ మీద ఒక పాత గోడ గీత 1857లో బయటపడింది. క్రీ.శ. 200 ప్రాంతానిది అంటారు. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి మొక్కుతున్న ఒక కుర్రవాడు, పక్కన గ్రీకులో "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అన్న రాత. అచ్చం ఇవాళ్టి మీమ్. ఆ పక్క గదిలో వేరే చేతిరాతతో లాటిన్‌లో ఇంకో మాట దొరికింది: "అలెక్సమెనోస్ విశ్వాసపాత్రుడు". అది అతనే రాసుకున్నాడో స్నేహితుడు రాశాడో ఎవరూ చెప్పలేరు. గాడిద బొమ్మకు బదులుగా ఎవరి దేవుడి బొమ్మా గీయలేదు, అది మాత్రం తెలుస్తోంది.

మీమ్‌కు మీమ్ పెట్టొద్దు. గ్రూపులో గొడవ పడొద్దు, పెట్టినవాడికి విడిగా ఫోన్ చేయండి. మెసేజ్ కంటే గొంతు మేలు. గ్రూపు ఆఫీసుదైతే, పదే పదే జరుగుతుంటే, అడ్మిన్‌కు లేదా హెచ్‌ఆర్‌కు మర్యాదగా రాయండి. అది సాత్వికానికి విరుద్ధం కాదు. బయట కామెంట్లలో ముక్కూమొహం తెలియని అకౌంట్లతో వాదన పెట్టుకోవడం అసలు దండగ. అక్కడ నాలుగు రోజులు కొట్టుకున్నాక మీరు ఏ వచనం చెప్పారో ఎవరికీ గుర్తుండదు, మీరు తిట్టిన తిట్టు మాత్రం స్క్రీన్‌షాట్ అయి తిరుగుతుంది.

నిజమైన ప్రశ్న ఎగతాళి వేషంలో వస్తే దానికి సమయం ఇవ్వాలి. 2వ శతాబ్దంలో కెల్సస్ అనే పండితుడు క్రైస్తవాన్ని ఉతికి ఆరేస్తూ ఒక పుస్తకం రాశాడు. దానికి క్రైస్తవ పండితుడు ఓరిగెన్ ఎనిమిది సంపుటాల జవాబు రాసింది 248 ప్రాంతంలో, అంటే సుమారు డెబ్భై ఏళ్ల తర్వాత. మీరు మాత్రం రాత్రి పదకొండింటికి పక్క మీద పడుకుని పది నిమిషాల్లో తేల్చేయాలనుకుంటున్నారు. "మంచి ప్రశ్న. నాకు ఇప్పుడే తెలియదు, చదివి చెబుతాను" అని రాసి, నిజంగానే చదివి చెప్పండి.

6. ఓర్చుకోవాల్సింది కానిది

మన రాష్ట్రాల్లో ఎగతాళిలో సగం విశ్వాసం మీద కాదు, కులం మీద. "మీ పేట దేవుడు" అనే మాటలో దేవుడు పేరుకే. ఇదీ కొత్తది కాదు. ఆ కెల్ససే క్రైస్తవులను ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు అని ఎద్దేవా చేశాడు. పౌలు అంతకు ముందే కొరింథీయులకు రాశాడు, మీలో జ్ఞానులూ గొప్ప వంశంవాళ్లూ ఎక్కువమంది లేరు కదా అని. సిగ్గుపడి రాయలేదు, దేవుడు వాళ్లనే ఏర్పరచుకున్నాడని గర్వంగా రాశాడు. కాబట్టి ఇలాంటి మాట పడితే తల వంచుకోకండి. "అవును, మా పేటలోనే. మీరూ రండి" అనండి. అదే సమయంలో, పెళ్లి ప్రకటనల్లో "క్రిస్టియన్" పక్కన కులం పేరు రాసుకునే మనకు ఇతరుల కుల గర్వాన్ని తప్పుపట్టే అర్హత ఎంతుందో కూడా చూసుకోవాలి.

ఎస్సీ సర్టిఫికెట్ పెట్టుకుని చర్చికెళ్తున్నావని దెప్పుతారు ఇంకొందరు. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బీసీ-సి గ్రూపులో చేర్చారు, 1 శాతం రిజర్వేషన్‌తో. మీది ఆ సర్టిఫికెట్టే అయితే సూటిగా చెప్పండి. కాకపోతే జవాబు వాళ్లకు కాదు, ముందు మీకు మీరు చెప్పుకోవాలి.

బెదిరింపు, కొట్టడం, ప్రార్థన కూటంలోకి చొరబడి ఆపేయడం, ఇవి ఎగతాళి కిందకు రావు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టి, మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మంటే అతను కదల్లేదు. మేము రోమా పౌరులం, అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అని పట్టుబట్టాడు (అపొస్తలుల కార్యములు 16:37). ముందు రోజు రాత్రి చెరసాలలో కీర్తనలు పాడినవాడే మరి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ దురుద్దేశంతో మత విశ్వాసాలను అవమానించడాన్ని, 300 చట్టబద్ధంగా జరిగే ప్రార్థన కూటాన్ని భంగపరచడాన్ని, 302 మత మనోభావాలను గాయపరచాలనే మాట్లాడడాన్ని నేరాలుగా చెబుతున్నాయి. తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, సాక్షుల పేర్లు రాసుకోండి, సంఘ పెద్దలతోనూ లాయర్‌తోనూ మాట్లాడి స్టేషన్‌కు వెళ్లండి. ఆ సెక్షన్లు మన ప్రసంగీకులకూ అలాగే వర్తిస్తాయి. ప్రతి వెక్కిరింతకూ కేసు పెడతానని బెదిరించడం మాత్రం మనకు తగదు.

పిల్లల విషయం వేరే. స్కూల్లో ఏడేళ్ల పాపను "హల్లెలూయా" అని ఏడిపిస్తుంటే రెండో చెంప చూపించమని చెప్పకండి. ముందు పూర్తిగా వినండి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని "నీ తప్పేం లేదమ్మా" అనండి. తర్వాత మీరే వెళ్లి టీచర్‌తో మాట్లాడండి. ఆ ఏడిపించే పిల్లాడిని క్రిస్మస్‌కు ఇంటికి పిలిస్తే ఇంకా మంచిది. కానీ అది పాప ఒప్పుకుంటేనే.

7. ఆ రాత్రి, ఆ తర్వాత

పైకి మర్యాదగా జవాబిచ్చి ఇంటికొచ్చాక లోపల మండుతూనే ఉంటుంది. అది పాపమని కంగారు పడకండి. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టిస్తుంటే, అది గిట్టని టోబీయా అనేవాడు నక్క ఎక్కినా ఆ గోడ కూలిపోతుందని వెక్కిరించాడు. నెహెమ్యా అతనికి జవాబు ఇవ్వలేదు. దేవుడికి మాత్రం చాలా ఘాటైన ప్రార్థన చేశాడు, వాళ్ల నింద వాళ్ల తల మీదకే రానివ్వమని. చేసి, పొద్దున్నే లేచి మళ్లీ రాళ్లు పేర్చాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. మీ కోపం కూడా అక్కడే కక్కేయండి, దేవుడు తట్టుకోగలడు. మర్నాడు మీ పని మీరు చేసుకోండి.

రెండు పనులు మాత్రం చేయొద్దు. ఒకటి, ఆదివారం సాక్ష్యంలో అతని పేరు, ఊరు, ఆఫీసు చెప్పి మనవాళ్ల చేత "అయ్యో" అనిపించుకోవడం. ప్రార్థన అంశం అనే ముసుగులో ఇది ఎంత తేలిగ్గా చాడీ అయిపోతుందో మనందరికీ తెలుసు. రెండోది మరీ చెడ్డది. ఏడాది తర్వాత అతనికి యాక్సిడెంట్ అయితే "చూశారా, దేవుని బిడ్డను హేళన చేస్తే ఏమవుతుందో" అనడం. సమరయ గ్రామం యేసును చేర్చుకోనప్పుడు యాకోబు, యోహాను ఆకాశం నుంచి అగ్ని దింపమంటారా అని అడిగారు. ఆయన వాళ్లనే గద్దించాడు (లూకా 9:54-55). అలాంటి సాక్ష్యాలకు చప్పట్లు కొట్టే అలవాటు మనం మానుకోవాలి.

యాక్సిడెంట్ అయిందని తెలిస్తే హాస్పిటల్‌కు వెళ్లండి. పళ్లు పట్టుకెళ్లండి, రక్తం కావాలేమో అడగండి, రాత్రి తోడుగా ఉండడానికి మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి. ఇలాంటి సమయంలోనే చాలామంది "నాకోసం మీ దేవుణ్ణి అడుగు" అని మెల్లగా అంటారు. అడిగితేనే ప్రార్థన చేయండి. అర నిమిషం చాలు, గొంతు పెంచొద్దు, చుట్టుపక్కల మంచాల మీద రోగులున్నారు. ప్రార్థనలోకి ప్రసంగం దూర్చొద్దు. గ్రూపులో పెట్టిన ఆ గొర్రె బొమ్మ సంగతి అతను ఎత్తినా మీరు ఎత్తొద్దు. ఇంటికి డిశ్చార్జి అయ్యాక ఒకసారి ఫోన్ చేసి, కట్టు ఎప్పుడు విప్పుతారో అడగండి.